మందు ఉచితమే, మాటకే నిధుల్లేవు

2018 మే చివరి వారం. రంజాన్ మాసం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో పడి హైదరాబాద్ అంతా పాకింది. చార్మినార్ నుంచి పాతబస్తీలోని శాలిబండ, అలియాబాద్ మీదుగా దక్షిణానికి వెళ్లే దారిలోనే చాంద్రాయణగుట్ట ఉంది. ఆ వదంతి నమ్మిన గుంపు అక్కడ ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. రెండేళ్లు తిరక్కముందే, 2020 మార్చిలో, కరోనా భయం మొదలైన రోజుల్లో అమీర్‌పేటలో కొన్ని పోస్టర్లు వెలిశాయి. హిజ్రాలను దుకాణాల దగ్గరికి రానివ్వొద్దని, వాళ్లతో మాట్లాడితే కరోనా అంటుకుంటుందని, కొట్టి తరమాలని వాటి సారాంశం. మొదటిది నేరం అంటగట్టిన వదంతి, రెండోది రోగం అంటగట్టిన వదంతి. గురిపెట్టింది మాత్రం ఒకే మనుషుల మీద. ఆ రెండు సందర్భాల్లోనూ వాళ్ల గురించి నగరమంతా మాట్లాడింది. వాళ్లు తమ మాట చెప్పుకుంటే వినిపించే వేదిక మాత్రం నగరంలో దాదాపు లేదు.

ఇవి ఒక్కరోజులో పుట్టిన వదంతులు కావు. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. మగపిల్లల్ని ఎత్తుకుపోతారన్న అనుమానం మీద వాళ్ల పేర్లతో రిజిస్టరు పెట్టాలని అది ఆదేశించింది. ఆడవాళ్ల బట్టలు, నగలు వేసుకుని వీధిలో కనిపించినా, పదిమందిలో ఆడిపాడినా వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఇచ్చింది. తెలంగాణ ప్రాంత యూనక్స్ చట్టంగా అది వందేళ్లకు పైగా పుస్తకాల్లో నిలిచింది. ట్రాన్స్‌జెండర్ కార్యకర్త వైజయంతి వసంత మొగిలి తదితరులు 2018లో దాన్ని సవాలు చేశారు. 2023 జులైలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్ నేతృత్వంలోని తెలంగాణ హైకోర్టు ధర్మాసనం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని దాన్ని కొట్టేసింది. చారిత్రక తీర్పు అది. కానీ ఆ చట్టం రాసిపెట్టిన అనుమానమే 2018లో వాట్సాప్ వదంతిగా తిరిగి ఒక ప్రాణం తీసిందన్నది మరువరాదు. చట్టాన్ని కోర్టు కొట్టేయగలదు. జనం మనసులో పాతుకున్న కథను కొట్టేసే అధికారం ఏ కోర్టుకూ లేదు. ఆ కథకు బదులు చెప్పగలిగేది ఆ కథ ఎవరి మీద అల్లారో వాళ్లే. వాళ్లు ఒక్కసారి చెబితే చాలదు. రోజూ, తమ వీధి భాషలో, తమ గొంతుతో చెప్పాలి. అందుకు స్థిరమైన నిధులు కావాలి. ఆరోగ్యం పేరుతో వెలివేతకు గురవుతున్నవారి సొంత మాధ్యమాలకు పెట్టే డబ్బును దానంగా కాక వైద్య ఖర్చులో భాగంగా చూడాలన్నదే ఈ వ్యాసం వాదన.

వైద్య ఖర్చు అని ఎందుకు అనాలి? మన దేశంలో వెలివేతకు కారణమవుతున్న ప్రధాన వ్యాధులకు మందులు ఎప్పుడో ఉచితమయ్యాయి. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. క్షయకు పరీక్షలూ ఉచితమే, మందులూ ఉచితమే. పైగా పోషకాహారం కోసం రోగి ఖాతాలో నెలకు వేసే సొమ్మును 2024 నవంబరు నుంచి 500 రూపాయల నుంచి 1,000కి పెంచారు. కుష్ఠు నయమయ్యే జబ్బని వైద్యం తేల్చి దశాబ్దాలైంది. ప్రజారోగ్య సమస్యగా దాన్ని జాతీయ స్థాయిలో నిర్మూలించామని 2005 చివర్లో ప్రకటించాం కూడా. అయినా ప్రపంచంలో కొత్తగా బయటపడుతున్న కుష్ఠు కేసుల్లో సగానికి పైగా, క్షయ కేసుల్లో పావు వంతు మన దేశంలోనే ఉన్నాయి. 2023 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ వ్యాప్తి దేశంలో 0.20 శాతం కాగా, తెలంగాణలో 0.44, ఆంధ్రప్రదేశ్‌లో 0.62. ఈ జబ్బులు ఇంకా తగ్గకపోవడం వెనక పేదరికం ఉంది, ఇరుకు ఇళ్లున్నాయి, పోషకాహార లోపం ఉంది. వాటితో పాటు, చేతికందే దూరంలో ఉన్న మందు దాకా మనిషిని వెళ్లనివ్వని జంకు కూడా ఉంది. పరీక్ష చేయించుకుంటే ఎవరికి తెలుస్తుందో, ఆశా కార్యకర్త గుమ్మం ముందు నిలబడితే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో, పెళ్లి కావలసిన పిల్లకు క్షయ అని తెలిస్తే సంబంధాలు వస్తాయో రావో అన్న భయం. క్షయకు కనీసం ఆరు నెలలు మానకుండా మందు వాడాలి. ఆరు నెలలు దాచి వాడటం కంటే మానేయడమే సులువనిపించే ఇల్లు ఉన్నంతకాలం ఉచిత మందు సగం దారిలోనే ఆగిపోతుంది.

ప్రభుత్వాలు ఈ సంగతి గుర్తించలేదని అనలేం. ప్రచారానికి డబ్బు ఖర్చు పెట్టాయి. తెలుగువాళ్లకు బాగా గుర్తుండే ఉదాహరణ 2003 నాటి 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' హోర్డింగులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ ప్రచారం ఊరూరా పాకింది. నలుగురిలో ఎత్తడానికి సంకోచించే విషయాన్ని టీ కొట్ల దాకా తెచ్చింది. ఆ ఘనత దానికి దక్కాల్సిందే. కానీ ఆ ప్రశ్న ఎవరిని ఉద్దేశించిందో గమనించాలి. వైరస్ ఇంకా సోకనివాళ్లకు అది హెచ్చరిక. అప్పటికే సోకినవాళ్లకు, భర్త పోయాక అత్తింటి నుంచి బయటకు నెట్టేసిన స్త్రీకి, బడిలో విడిగా కూర్చోబెట్టిన పిల్లవాడికి అందులో చోటు లేదు. పై నుంచి కిందికి వచ్చే ప్రచారం స్వభావమే అది. జబ్బు గురించి సమాచారం ఇస్తుంది. జబ్బున్న మనిషిని మాత్రం హెచ్చరిక బొమ్మగానే నిలబెడుతుంది. తొలినాళ్ల ఎయిడ్స్ పోస్టర్లలో పుర్రెలు, ఎముకలు చూసి భయపడిన జనం జబ్బుకు ఎంత భయపడ్డారో రోగికీ అంతే భయపడ్డారు. 2017లో హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చేయాల్సి వచ్చింది అందుకే. ఉద్యోగం, చదువు, అద్దె ఇల్లు, వైద్యం విషయాల్లో వివక్షను ఆ చట్టం నిషేధించింది. ఇన్నేళ్ల ప్రచారం తర్వాత కూడా అలాంటి చట్టం అవసరమైందంటే ప్రచారం ఒక్కటే ఎంతవరకు పనిచేసిందో అర్థమవుతుంది.

ఇంకో దారి ఉందని చూపించింది కూడా హైదరాబాదే. 2017లో రచన ముద్రబోయిన, మరికొందరు ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలు 'ట్రాన్స్ విజన్' అనే యూట్యూబ్ చానల్ మొదలుపెట్టారు. ట్రాన్స్‌జెండర్ మహిళలే వ్యాఖ్యాతలు. తెలుగు, ఉర్దూ, కన్నడ భాషల్లో తమ మీద ఉన్న అపోహలకు, ఆరోగ్య ప్రశ్నలకు, చట్టపరమైన సందేహాలకు వాళ్లే కెమెరా ముందు కూర్చుని జవాబులు చెప్పారు. తెలుగు సినిమాల్లో దశాబ్దాల పాటు హాస్యానికో అసహ్యానికో వాడుకున్న మనుషులు తొలిసారి తమ ప్రశ్నలను తామే ఎంచుకున్నారు. మరుసటి ఏడాదే చాంద్రాయణగుట్ట ఘటన జరిగిందంటే అలాంటి చానల్ ఎంత అవసరమో, ఒక్క చానల్ ఎంత చాలదో రెండూ తెలుస్తాయి. బయటి ప్రపంచంలో దీనికి గట్టి సాక్ష్యం దక్షిణాఫ్రికా. అక్కడ 1999లో మొదలైన 'బీట్ ఇట్' టీవీ కార్యక్రమాన్ని హెచ్ఐవీతో జీవిస్తున్నవారే నడిపారు. ఎయిడ్స్‌కు కారణం ఆ వైరసేనా అని దేశాధ్యక్షుడు థాబో ఎంబెకీయే సందేహం వెలిబుచ్చిన కాలమది. మందు వేసుకుని పనికి వెళ్లి, పిల్లల్ని పెంచుకుంటున్న మనుషుల్ని ఆ దేశ ప్రజలు తమ ఇంటి టీవీలో చూశారు. వాళ్లు కేవలం సలహాలు ఇవ్వలేదు, మందు కోసం ప్రభుత్వాన్ని నిలదీశారు కూడా. జబ్బుకు మొహం ఉంటుందని, ఆ మొహం తమలాంటిదేనని తెలిశాక భయానికి ఆధారం సన్నగిల్లుతుంది. డాక్టరు చెప్పే నిజం కంటే, ఆరు నెలల మందు పూర్తిచేసి పక్క గల్లీలో కుట్టు మిషన్ మీద కూర్చున్న స్త్రీ చెప్పే నిజాన్ని ఇరుగుపొరుగు ముందు నమ్ముతారు.

ఇలాంటి గొంతులు నిలబడాలంటే ఏం కావాలో తెలంగాణలోనే ఇంకో ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టింది. మన దేశంలో స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో లైసెన్సు పొంది మొదలైన తొలి కమ్యూనిటీ రేడియోల్లో అది ముందు వరసది. నడిపింది దళిత మహిళలు. ఆ స్టేషన్‌తో జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మల పేర్లు దేశానికి తెలిశాయి. విత్తనాలు, పంటలు, తిండి, ఆడవాళ్ల ఆరోగ్యం, పాటలు అన్నీ అక్కడి మాండలికంలోనే వినిపించాయి. కానీ ఆ స్టేషన్ ఒక్క ఏడాది ప్రాజెక్టుతో పుట్టలేదు. యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నది 1990ల చివర్లో. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సులిచ్చే విధానం 2006లో గానీ రాలేదు. ఆ మధ్యకాలమంతా ఆ మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసి టేపులు సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. పదేళ్ల పాటు ప్రసారమే లేని రేడియోను మోసిన సంస్థ ఉండబట్టి ఆ గొంతులు నిలిచాయి. ఏడాదికో నివేదిక, ఆరు నెలలకో లక్ష్యం అడిగే నిధులతో అయితే రెండో ఏడాదిలోనే ఆ స్టూడియోకు తాళం పడేది. ఊళ్లో అందరికంటే వెనక నిలబెట్టిన మనుషులు మైకు ముందుకు రావడానికి సమయం పడుతుంది. ఆ సమయానికి ఖర్చు పెట్టేవాళ్లుండాలి.

ఇప్పుడు మన దగ్గర నిధులు వచ్చే తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. 2021 జనవరిలో నారాయణగూడలో తెరిచిన 'మిత్ర్' క్లినిక్ దేశంలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ఏర్పడిన తొలి సమగ్ర వైద్య కేంద్రం. అమెరికా ప్రభుత్వ యూఎస్‌ఎయిడ్ నిధులతో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో నడిచింది. అక్కడ పనిచేసినవాళ్లలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఉండటం వల్లే సాధారణ ఆస్పత్రి గుమ్మం తొక్కనివాళ్లు ధైర్యంగా వచ్చారు. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో విదేశీ సాయం ఆపేస్తూ ఒక సంతకం పడింది. ఇక్కడ క్లినిక్ మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ ముందుకు రావడంతో 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరుచుకుంది. వైద్యం చేసే క్లినిక్ గతే అదైతే, వైద్యం గురించి మాట్లాడే చిన్న రేడియో గతి ఊహించవచ్చు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ఒక సంస్థ తీసుకున్న విదేశీ నిధిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20కి తగ్గించారు. సొంతంగా రిజిస్ట్రేషన్, ఆడిటరు, ఢిల్లీలో ఖాతా నిర్వహించలేని బస్తీ బృందాలకు పెద్ద సంస్థల ద్వారా అందే దారి దీంతో మూసుకుపోయింది. ఇక కార్పొరేట్ సామాజిక బాధ్యత నిధులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. ఆరోగ్య సంరక్షణ, వెనుకబడిన వర్గాలు ఎదుర్కొంటున్న అసమానతల తగ్గింపు రెండూ ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉన్నాయి. అంటే ఈ పనికి దారి చట్టంలోనే ఉంది. కానీ ఆ డబ్బు శిలాఫలకం పెట్టడానికి వీలున్న గదుల వైపు, అంబులెన్సుల వైపు సులువుగా వెళ్తుంది. మాటకు శిలాఫలకం ఉండదు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది డబ్బు గురించి. ఆస్పత్రిలో మంచాలు చాలడం లేదు, నర్సులు చాలడం లేదు, అలాంటప్పుడు రేడియోకు ఖర్చేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మంచానికీ మైకుకూ మధ్య ఒకటే ఎంచుకోవాల్సి వస్తే మంచమే ఎంచుకోవాలి. కానీ ప్రచార బడ్జెట్లు ఇప్పటికే ఉన్నాయి. ఆరోగ్య పథకాల హోర్డింగులకు, పత్రికా ప్రకటనలకు, టీవీ స్పాట్లకు ప్రభుత్వం ఏటా ఖర్చు చేస్తూనే ఉంది. అందులో కొంత భాగం ఎవరి చేతికి వెళ్లాలన్నదే ఇక్కడ ప్రశ్న. మంచం మీది ఖర్చు తీసి మైకు మీద పెట్టమని ఎవరూ అడగడం లేదు. మరో అభ్యంతరం, ఇవాళ చేతిలో ఫోను ఉన్నవాడల్లా చానల్ పెట్టుకోవచ్చు కదా, నిధులెందుకని. యూట్యూబ్‌లో ఎక్కించడానికి డబ్బు అక్కర్లేదు నిజమే. కానీ వీడియో తీసే రోజు కూలి పోతుంది. బిచ్చం మీదో, దినసరి పని మీదో బతికే మనిషికి స్టూడియోలో కూర్చున్న మధ్యాహ్నం పస్తు. డాక్టరుతో సరిచూడని ఆరోగ్య సలహా ప్రమాదకరం, సరిచూడటానికి మనిషి కావాలి. కింద వచ్చే బూతు వ్యాఖ్యలను, బెదిరింపులను తట్టుకోవడానికి న్యాయ సహాయం కావాలి. నిధులు అడుగుతున్నది వీటికి. ప్రేక్షకులు తక్కువ కదా అంటే, నిజమే. చిన్న స్టేషన్ పరిధి సాధారణంగా పది, పన్నెండు కిలోమీటర్లు దాటదు. కానీ శాలిబండ లాంటి బస్తీలో పుట్టిన వదంతిని అక్కడే ఆపాలంటే ఆ పరిధి చాలు.

గోప్యత గురించిన అభ్యంతరం వీటికంటే లోతైనది. జబ్బున్నవాళ్లను కెమెరా ముందుకు తెచ్చి, రేపు వాళ్ల ఇల్లు ఖాళీ చేయిస్తే బాధ్యత ఎవరిది? హెచ్ఐవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఎవరి స్థితినీ బయటపెట్టకూడదు. ఆ సూత్రం ప్రతి సొంత మాధ్యమానికీ పునాది కావాలి. పేరు మార్చుకునే హక్కు, గొంతు మాత్రమే వినిపించే హక్కు, చెప్పింది వెనక్కి తీసుకునే హక్కు నిధుల ఒప్పందంలోనే రాయాలి. ఈ కారణంగానే పాతబస్తీలో వీడియో కంటే ముందు రేడియో, వాట్సాప్ ఆడియో రావాలి. పరదాలో ఉన్న స్త్రీ తన మొహం చూపకుండానే వెయ్యి ఇళ్లతో మాట్లాడగలదు. ఛాందస కుటుంబాలు ఒప్పుకోవన్న మాటకూ సమాధానం దగ్గరలోనే ఉంది. శాలిబండ పక్కన సుల్తాన్‌షాహీలో కవయిత్రి జమీలా నిషాత్ స్థాపించిన షాహీన్ సంస్థ 2002 నుంచి గృహహింస, బాల్యవివాహాల వంటి విషయాల మీద ముస్లిం, దళిత మహిళలతో కలిసి పనిచేస్తోంది. బయటివాళ్లు చెబితే మూసుకునే తలుపులు మనవాళ్లు అడిగితే తెరుచుకుంటాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇక సర్కారు డబ్బు తీసుకుంటే సర్కారు పాటే పాడాలి కదా అన్న సందేహం. సందేహం సరైనదే. కాబట్టే ఒకే చోటి నుంచి డబ్బు రాకూడదు. ఇచ్చేది అధికారి చేతుల మీదుగా ఉండకూడదు. ప్రజారోగ్య నిపుణులు, మాధ్యమ అధ్యాపకులతో పాటు ఆ సముదాయాల ప్రతినిధులు సగం మంది ఉన్న స్వతంత్ర మండలి చేతుల మీదుగా ఉండాలి. ఏఆర్‌టీ కేంద్రంలో మందుల కొరత వస్తే ఆ మాట అదే రేడియోలో చెప్పగలగడమే దాని స్వేచ్ఛకు పరీక్ష.

చేయాల్సింది కష్టమేమీ కాదు. రాష్ట్ర ఆరోగ్య శాఖ తన ప్రచార ఖర్చులో ఒక స్థిరమైన వాటాను హెచ్ఐవీ, క్షయ, కుష్ఠు, మానసిక వ్యాధులతో జీవిస్తున్నవారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు సొంతంగా నడిపే మాధ్యమాలకు కేటాయించాలి. ఆ నిధి కనీసం ఐదేళ్లకు ఇవ్వాలి. జీతాలకు, శిక్షణకు, న్యాయ సహాయానికి వాడుకునే స్వేచ్ఛ ఉండాలి. కేంద్రం 2024లో కమ్యూనిటీ రేడియోలకు ప్రకటనల సమయాన్ని గంటకు 7 నిమిషాల నుంచి 12 నిమిషాలకు పెంచింది. ప్రభుత్వ ప్రకటన రేటును పది సెకన్లకు 52 రూపాయల నుంచి 74కి పెంచింది. ఈ వెసులుబాటును వాడుకుని రాష్ట్రం తన ఆరోగ్య ప్రకటనలు క్రమం తప్పకుండా వాటికి ఇవ్వాలి. హైదరాబాద్ ఐటీ, ఔషధ కంపెనీలు తమ 2 శాతంలో ఒక చిన్న భాగాన్ని ఇలాంటి నిధిలో వేయాలి. మందులు తయారు చేసి ప్రపంచానికి అమ్మే నగరానికి, ఆ మందు తన పాతబస్తీలో ఇంటి లోపలికి చేరేలా చూసే బాధ్యత కూడా ఉంది. మొదటి ప్రయోగం శాలిబండలోనే చేయవచ్చు. దక్కనీ ఉర్దూ, తెలుగు రెండూ ఒకే గల్లీలో వినిపించే చోటది. చార్మినార్ వైపు సాగే బోనాల ఊరేగింపు దాటే చోటది. యునానీ దవాఖానా, బస్తీ దవాఖానాలు అందుబాటులో ఉన్న చోటది. రెండు గదులు, నలుగురు జీతగాళ్లు, డాక్టరు సలహా, న్యాయవాది తోడు, ఐదేళ్ల హామీ. ఇంతకు మించి అక్కర్లేదు. ఐదేళ్ల తర్వాత ఎంతమంది విన్నారని అడిగితే చాలదు. ఎంతమంది పరీక్షకు వచ్చారో, ఎంతమంది మందు పూర్తి చేశారో, ఎన్ని వదంతులకు ఆ రోజే జవాబు దొరికిందో లెక్క తీయాలి. ఆ లెక్క బాగుంటే రాష్ట్రమంతటా పెంచాలి, బాగోకపోతే లోపం చూసి సరిచేయాలి. 1919 నాటి చట్టం పోవడానికి వందేళ్లు పైగా పట్టింది. ఆ చట్టం నాటిన భయం పోవడానికి మరో వందేళ్లు ఆగలేం. వచ్చే బడ్జెట్లోనే తెలంగాణ ప్రభుత్వం ఈ పద్దు పెట్టాలి. శాసనసభ్యులను ఆ పద్దు గురించి అడగాల్సిన బాధ్యత ఓటర్లుగా మనది.